మూడో గడి

టైపమ్మకి చాలా ఏళ్ళుగా ఒక అనుమానం ఉండేది. మనిషి కళ్ళు మూసుకుని దేవుడికి ఏదో చెప్పుకుంటాడు కదా, ఆయన దాన్ని చెప్పింది చెప్పినట్టే రాసుకుంటాడా? లేక మధ్యలో ఆగి, "నిజంగా నీకు కావాల్సింది ఇదేనా?" అని ఒకమాటు అడుగుతాడా?

అడుగుతాడనుకుందామంటే తననెప్పుడూ అడిగిన గుర్తు లేదు. అడగడనుకుందామంటే, అడక్కుండా రాసుకుపోయేవాడు దేవుడెలా అవుతాడు?

ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. మొగుడితో అంటే "పోనిద్దూ" అంటాడు. ఆయన నోటికి అలవాటైన మాట అదొక్కటే. ఇల్లు అంటుకున్నా "పోనిద్దూ" అనుకుంటూ చెప్పులు వెతుక్కునే మనిషి.

ఆ రోజు పొద్దున పది దాటినా ఆమె దేవుడి ముందునుంచి లేవలేదు. దానికి భక్తి ఒక్కటే కారణం కాదు. సోమవారం నుంచి ఆమెకి కింద పని లేదు. మేడమీద రెండు కాపురాలు, కింద బావగారి ఎక్స్‌రే సెంటరు, దాని కౌంటరులో ఆమె మొగుడు. బావగారు తెరమీద బొమ్మ చూసి చెబుతుంటే పక్కన కూర్చుని రిపోర్టు కొట్టడం ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని. టైపమ్మ అన్నది రోగులు పెట్టిన పేరు. ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది.

"ఏమే కుడెడమా!" మెట్లకింద నుంచి తోటికోడలి గొంతు. "నీ ప్రార్థనలు చాలించి కిందికి రా. నువ్వు పెట్టిన మంట నువ్వే ఆర్పుదువుగాని!"

కింద ఏదో జరుగుతోందని టైపమ్మకి అరగంటగా తెలుస్తూనే ఉంది. ఫోను మోగింది. తలుపు దబాలున పడింది. అల్లుడి గొంతు పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. బావగారి గొంతు మాత్రం ఒక్కసారీ వినిపించలేదు. ఆయన మాట్లాడకపోతే తప్పు పెద్దదన్నమాట.

లేస్తూ లేస్తూ ఒక్క కోరిక కోరుకుంది. "స్వామీ, ఇవాళ్టికి నా నోటికి కాస్త పొగరివ్వు."

నిజంగా ఇదేనా అని ఆయన అడుగుతాడేమోనని ఒక్క క్షణం ఆగి చూసింది. అడగలేదు.

* * *

రిపోర్టుల గది చిన్నది. కిటికీకి నల్ల పరదా. గోడవార పెద్ద తెర, దాని ముందు బావగారి కుర్చీ. ఆయన ఎడంచేతి పక్కన తన కుర్చీ ఉండేది. సోమవారం దాన్ని తీసుకెళ్ళి స్టోర్‌రూములో పాడైపోయిన ఫ్యాన్ల మధ్య తలకిందులుగా పడేశారు. ఇప్పుడా చోట ఒక స్టాండూ, స్టాండు మీద మెడ వంచుకుని ఒక మైకూ ఉన్నాయి. మైకు బావగారి నోటివంకే చూస్తోంది, మహా వినయంగా. ఇన్నేళ్ళలో తనెప్పుడూ అంత వినయంగా కూర్చోలేదనుకుంది టైపమ్మ. అందుకే కాబోలు ఊడబెరికారు.

బావగారు కుర్చీలో ఉన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆపేసిన తెరను చూస్తున్నాడు. తోటికోడలు తలుపు పక్కన నడుమ్మీద చెయ్యి వేసుకుని నిలబడింది. మధ్యలో అల్లుడు. బావగారికి ఒక్కతే కూతురు, ఒక్కడే అల్లుడు. ఆర్నెల్లుగా సెంటరు వ్యవహారాలన్నీ అతని చేతిలోనే నడుస్తున్నాయి. ఇప్పుడు అతని చేతిలో టైపమ్మ నోటుపుస్తకం ఉంది.

"రండి చిన్నత్తయ్యా, రండి. ఇది మీ చేతిరాతేనా?"

"నా చేతిరాతే. మీ చేతికి ఇచ్చిందీ నేనే."

"అదే కదండీ వచ్చిన చిక్కు!"

"చిక్కేమిటో చెప్పండి అల్లుడుగారూ. నేను పైనుంచి వచ్చాను, నాకేం తెలుసు?"

తోటికోడలు అందుకుంది. "తెలీకేం! మంగళవారం ఒకావిడకి ఛాతీ ఎక్స్‌రే తీశాం. ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కత్తిరిస్తుందట. మన రిపోర్టులో ఏ లోపమూ లేదని ఉంది. బొమ్మలో చూస్తే కుడి భుజం కింద ఇంత మచ్చ! పంపించిన ఛాతీ డాక్టరు ఫోను చేసి తిట్టని తిట్టు లేదు. ఒంటిగంట లోపల రాతపూర్వకంగా సంజాయిషీ పంపాలట. లేకపోతే ఇక మన గడపకి ఒక్క రోగిని కూడా పంపడట."

"ఆవిడ ఎలా ఉంది?"

"ఎవరు?"

"కాగితాలు కత్తిరించే ఆవిడ."

తోటికోడలు అల్లుడి మొహం చూసింది. అల్లుడు నోటుపుస్తకం చూశాడు. ఆ ప్రశ్న వాళ్ళిద్దరి మధ్యా చోటు దొరక్క కిందపడింది.

"డాక్టరు దగ్గరే ఉందిగా, బాగానే ఉంటుంది," అంది తోటికోడలు. "ముందు మన సంగతి ఏడువు."

* * *

మన సంగతి అంటే అల్లుడి యంత్రం సంగతి.

మనిషి మాట్లాడితే తనే రాసే యంత్రమని రెండు నెలల కిందట తెచ్చాడు. తెచ్చిన రోజు ఇల్లంతా దాని చుట్టూ మూగి, అద్భుతం అంటూ ముక్కున వేలేసుకుంది. బావగారు నోరు తెరిచేదాకా అద్భుతంగానే ఉంది. ఆయన సగం మాట మింగుతాడు, సగం మాట గొంతులోనే ఉంచుకుంటాడు. మందుల పేర్లు, వీధుల పేర్లు, తోటి డాక్టర్ల పేర్లు అన్నిటికీ సొంత పొట్టిమాటలు కట్టుకున్నాడు. యంత్రానికి ఒక్కటీ తెలియదు.

తెలియకపోతే నేర్పాలి. దానికో పదాల పట్టిక ఇవ్వాలి. పలికేది ఒక గడిలో, రాయాల్సింది పక్క గడిలో పెట్టాలి. ఆ మాత్రం అల్లుడికీ తెలుసు. కానీ ఓపిక లేదు. ఎక్కడో దొరికిన నలభై వేల మాటల వైద్య నిఘంటువుని మొత్తంగా అందులో కుమ్మరించాడు. దాంతో యంత్రానికి అజీర్తి చేసింది. బావగారు దగ్గితే ఒక జబ్బు పేరు రాసేది, గొంతు సవరించుకుంటే ఇంకో జబ్బు రాసేది. ఒకసారి ఆయన కుర్చీ కిర్రుమంటే, ఏ మనిషికీ ఇంతవరకు రాని రోగమొకటి రాసి పెట్టింది.

అప్పుడు అల్లుడు మేడెక్కి వచ్చాడు. "చిన్నత్తయ్యా, మీ నోటుపుస్తకం ఒక్కసారి ఇస్తారా?"

పోయిన వారం ఇచ్చింది. పదకొండు వందల నలభై మాటలు. ఇరవై ఆరేళ్ళుగా తను విన్న బావగారు మొత్తం అందులో ఉన్నాడు. ఏ మాట ఎలా అంటాడు, ఏ డాక్టరుని ఏ పేరుతో పిలుస్తాడు, జలుబు చేసినప్పుడు ఏ అక్షరం పోతుంది, అన్నీ. అల్లుడు రెండు రోజులు కూర్చుని ఎక్కించాడు. నలభై వేల మాటలతో కానిది పదకొండు వందల మాటలతో అయింది. సోమవారం నుంచి యంత్రం ఎక్కడా తడుముకోకుండా రాసింది. "నేను చెప్పలా మావయ్యగారూ!" అన్నాడు అల్లుడు. నోటుపుస్తకం ఎవరిదన్న మాట ఎవరి నోటా రాలేదు. కుర్చీ మాత్రం స్టోర్‌రూముకి వెళ్ళింది.

అతన్ని చూసి అసూయ పడాలో జాలిపడాలో ఆమెకి అర్థం కాలేదు. రెండూ పాపమేనేమో అనుకుని ఊరుకుంది.

* * *

"పదిహేడో పేజీ చూడండి," అన్నాడు అల్లుడు. పుస్తకాన్ని ఆమె ముఖానికి పట్టాడు, దొంగకి సాక్ష్యం చూపించినట్టు. "మొదటి గడిలో 'మామూలే' అని రాశారు. రెండో గడిలో ఏం రాశారో మీరే చదవండి."

చదవక్కర్లేదు, కంఠతా వచ్చు. రెండు ఊపిరితిత్తులూ శుభ్రంగా ఉన్నాయి. గుండె పరిమాణం సరిగ్గా ఉంది. ఎముకల్లో తేడా లేదు. చెప్పుకోదగ్గ లోపమేదీ కనిపించలేదు. బావగారు 'మామూలే' అంటే ఆ నాలుగు లైన్లూ కొట్టాలి.

"నేను అక్షరం పొల్లుపోకుండా మీరు రాసిందే ఎక్కించాను. మావయ్యగారు 'మామూలే' అన్నారు. మెషీను నాలుగు లైన్లూ రాసింది. ఇందులో మెషీను తప్పేముంది? మావయ్యగారి తప్పేముంది? ఇక మిగిలిందెవరో మీరే చెప్పండి."

"మూడో గడి ఏమైంది అల్లుడుగారూ?"

"మూడో గడా?"

టైపమ్మ పుస్తకం తీసుకుని బల్లమీద పరిచింది. పెన్సిలుతో గీసిన గళ్ళు. రెండు వెడల్పువి, చివర ఒకటి సన్నది. 'మామూలే' అన్న మాట ఎదురుగా ఆ సన్నగడిలో ఒక ఎర్రచుక్క.

"అవా!" నవ్వాడు అల్లుడు. "పెన్ను కారిందనుకున్నానండీ."

"పుస్తకం మొత్తంలో ఇరవై మూడున్నాయి. ఇరవై మూడు చోట్లా సరిగ్గా గడి నడిమధ్యే కారిందా?"

నవ్వు ఆగింది. "అయితే ఏమిటట దానర్థం?"

"ఆ మాట అడక్కుండా కొట్టకూడదని."

"ఎవర్ని అడగాలి?"

"చెప్పినాయన్ని."

తోటికోడలు పెదవి విరిచింది. "అబ్బో! డాక్టరుకి టైపిస్టు పాఠం చెప్పాలన్నమాట. ఆయన అంతంత చదువులు చదివింది నీ చుక్కలకి జవాబు చెప్పుకోడానికా?"

ఆ వెటకారానికి బదులుగా చెప్పాల్సింది చాలా ఉంది. బావగారు 'మామూలే' అనే తీరు రెండు రకాలు. బొమ్మ రాగానే అనేది ఒకటి. అది నిజమైన మామూలే. బొమ్మ వచ్చాక ఊరుకుని, కాసేపాగి అనేది రెండోది. అప్పుడు ఆయన కళ్ళు బొమ్మమీద ఉంటాయి, మనసు బయట బెంచీలమీద ఎంతమంది ఉన్నారో లెక్కేసుకుంటుంటుంది. ఆ రెండోది విన్నప్పుడు ఆమె వేళ్ళు కదిలేవి కావు. "పైభాగం చూశారా బావగారూ?" అనేది. "చూశాన్లే!" అని కసిరేవాడు. కసురుతూనే మళ్ళీ చూసేవాడు. కొన్నిసార్లు చూసి, ఏమీ అనకుండా వేరే రిపోర్టు చెప్పేవాడు.

ఇదంతా ఇన్నేళ్ళూ ఇద్దరి మధ్యే జరిగింది. కసుర్లు మాత్రం హాల్లోకి వినిపించేవి. అందుకే అందరూ ఆమెకి పని రాదనుకున్నారు.

"మెషీనులో రెండే గళ్ళున్నాయి చిన్నత్తయ్యా," అన్నాడు అల్లుడు, పసిపిల్లకి చెప్పినట్టు. "పలికేదొకటి, రాసేదొకటి. చుక్కలు పెట్టుకునే చోటు లేదు."

"చోటు లేనప్పుడు ఆ ఇరవై మూడు మాటలూ వదిలెయ్యాల్సింది. లేదా నన్ను అడగాల్సింది. మేడమీదే ఉన్నాను. పదహారు మెట్లు."

అల్లుడు మెట్లవైపు చూడలేదు.

"సోమవారం నుంచి ఎన్ని 'మామూలే'లు వెళ్ళాయి అల్లుడుగారూ?"

"ఇప్పుడదంతా ఎందుకు?"

"ఎన్ని?"

అతను కీబోర్డు మీద ఏదో కొట్టాడు. తెర వెలిగింది. దానివంక చూసి, గొంతులోనే అన్నాడు. "నలభై ఒకటి."

హాల్లో ఎవరో పిల్లవాణ్ణి గదమాయిస్తున్న చప్పుడు వినిపించింది.

* * *

ముందు తేరుకుంది అల్లుడే. సొరుగులోంచి కాగితం తీశాడు. సంజాయిషీ అప్పటికే రాసి, ప్రింటు తీసి ఉంది. 'టైపిస్టు నిర్లక్ష్యం వల్ల రిపోర్టులో పొరపాటు దొర్లినందుకు చింతిస్తున్నాము.' కింద రెండు సంతకాలకి చోటు. మొదటిది ఆమెది.

"సోమవారం నుంచి నేను ఈ గదిలోకే రాలేదు కదా?" అంది టైపమ్మ.

"ఆ సంగతి ఛాతీ డాక్టరుకి తెలుసా?"

తోటికోడలు దగ్గరికి వచ్చింది. గొంతులోకి ఎక్కడినుంచో తేనె తెచ్చుకుంది. "ఒక్క సంతకమే కదే. నీకేం పోతుంది? ఆయన పేరు పోతే ఇల్లే పోతుంది. నీకైతే ఇలాంటివి అలవాటేగా. ఆ కాలు సంగతప్పుడు మేమేమన్నా అన్నామా? కడుపులో పెట్టుకున్నాం."

కడుపులో పెట్టుకుని, పేరు మాత్రం పెట్టారు.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. మెట్లమీంచి జారిపడ్డ ఒకతని కాలు ఎక్స్‌రే. విరిగింది ఎడమ, రిపోర్టులో వచ్చింది కుడి. కట్టు వేసే బల్లదగ్గర కనిపెట్టారు కాబట్టి ప్రమాదం తప్పింది. అతని అన్నగారు రిపోర్టు పట్టుకుని హాల్లోకి వచ్చి కేకలేశాడు. బెంచీలమీద ఇరవై మంది. బావగారు బయటికి వచ్చి, "మా టైపిస్టుకి కుడీ ఎడమా తెలీదు, ఏం చెయ్యమంటారు!" అన్నాడు. అందరూ నవ్వారు. అన్నగారు కూడా నవ్వి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె కుడెడమ.

అప్పట్లో రద్దీ ఎక్కువైన రోజుల్లో ఆయన చిన్న రికార్డరులో చెప్పిపెడితే ఆమె తరవాత విని కొట్టేది. ఆ సాయంత్రం మళ్ళీ పెట్టుకుని వింది. 'కుడి కాలు' అని ఆయన గొంతే, స్పష్టంగా ఉంది. తలెత్తేసరికి గుమ్మంలో బావగారు. ఆయనా విన్నాడు. "నీకో మాట బాకీ ఉన్నానమ్మా," అన్నాడు. అని మేడెక్కి భోజనానికి వెళ్ళిపోయాడు.

ఆ భోజనం అయి తొమ్మిదేళ్ళయింది.

"పెట్టండి చిన్నత్తయ్యా," అన్నాడు అల్లుడు పెన్ను చాస్తూ. "లేకపోతే ఆ కుర్చీ ఇక స్టోర్‌రూములోంచి రాదు. చిన్నమావయ్య కౌంటరు సంగతి కూడా ఆలోచించుకోవాలి. అక్కడా ఒక మెషీను పెట్టొచ్చు. మెషీనుకి మోకాళ్ళు నొప్పులుండవు, అలకలుండవు."

ఎప్పుడొచ్చాడో, మొగుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో కౌంటరు రసీదు పుస్తకం. ఆమె ఆయనవంక చూసింది.

"పోనిద్దూ..." అన్నాడాయన. కానీ ఆ మాట ఎప్పటిలా తేలిగ్గా రాలేదు.

"సంతకం పెడతాను," అంది టైపమ్మ.

తోటికోడలు ఊపిరి పీల్చుకుంది. అల్లుడు పెన్ను మూత తీశాడు.

"నలభై ఒక్క బొమ్మలూ బావగారు మళ్ళీ చూశాక."

"నీకు మతుందా?" తోటికోడలి తేనె ఒక్కసారిగా విరిగిపోయింది. "బయట పదిహేను మంది కూర్చున్నారు! ఇప్పుడు పాతవన్నీ తిరగేసి, అందరికీ ఫోన్లు చేసి, అయ్యా మేం చూడకుండా రాశామని చెప్పుకోవాలా? దానికంటే తాళం వేసుకోవడం మేలు!"

"అందరికీ అక్కర్లేదక్కా. బొమ్మలో తేడా ఉన్నవాళ్ళకి చాలు."

"ఇది బెదిరింపు చిన్నత్తయ్యా."

"నన్నేమన్నా అనుకోండి అల్లుడుగారూ. పేరు పోయిందానికి ఇంకో పేరు పెడితే బరువేం కాదు. ఆవిడ పోగా మిగతా నలభై మంది ఏమీ లేదనుకుని ఇళ్ళకెళ్ళారు. హాయిగా నిద్రపోతున్నారు. మన నాలుగు లైన్లు చూసుకుని." ఆమె కుర్చీవైపు తిరిగింది. "బావగారూ. మంగళవారం ఆవిడ బొమ్మ చూసి 'మామూలే' అన్నారు కదా. వెంటనే అన్నారా, ఆగి అన్నారా?"

"ఏమిటా ప్రశ్న?" అన్నాడు అల్లుడు. "వెంటనే అంటే ఏంటి, ఆగి అంటే ఏంటి?"

జవాబు తెలిసినవాడు ఆ గదిలో ఒక్కడే. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఒళ్ళో ఉన్న చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"ఆగే అన్నాను," అన్నాడు బావగారు.

ఆ పొద్దున ఆయన నోరు విప్పడం అదే మొదలు.

* * *

"మొదటిది తెరమీద పెట్టండి," అన్నాడు.

"మావయ్యగారూ, బయట..."

"పెట్టమన్నాను."

ఒక్కొక్క బొమ్మే వచ్చింది. తెల్లటి పక్కటెముకలు, నల్లటి ఊపిరితిత్తులు. "మామూలే." తరవాతది. "మామూలే." ఆయన గొంతులో ఎవరిమీదో ఏవగింపు ఉంది. అల్లుడిమీదో తనమీదో తెలియలేదు. టైపమ్మ ఆయన వెనక నిలబడింది. కూర్చోడానికి ఏమీ లేదు. మైకు పక్కన నిలబడి వింటుంటే, తనూ దానిలాగే మెడ వంచానేమోనని సరిచూసుకుంది.

పది అయ్యాయి. పదమూడు అయ్యాయి. తోటికోడలు గడియారం చూసి, పైకి వినబడేలా నిట్టూర్చింది.

పద్నాలుగోది వచ్చింది. బావగారు ఊరుకున్నాడు. హాల్లో బెంచీ జరిగిన చప్పుడయింది.

"మామూలే," అన్నాడు.

"పైభాగం చూశారా బావగారూ?"

"చూశాన్లే!"

"ఆయనకే నేర్పుతోంది," అని గొణిగింది తోటికోడలు.

కానీ బావగారు అప్పటికే ముందుకి వంగాడు. బొమ్మని పెద్దది చేశాడు. నలుపు తగ్గించాడు, పెంచాడు. మెడ ఎముక చాటున, గోరంత తెలుపు. ఎముకలో భాగమనుకుంటే ఎముకలా ఉంది. కాదనుకుంటే కాదు.

బావగారు దానిమీద వేలు పెట్టాడు.

"ఇతనెవరు?"

అల్లుడు తెర కింద చదివాడు. "పాల వ్యాను డ్రైవరండీ. నలభై ఏళ్ళు. బుధవారం తీశాం. ఉద్యోగానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కోసం రిపోర్టు కావాలన్నాడు."

"ఇచ్చామా?"

"...ఇచ్చేశామండీ."

"ఫోను చెయ్యండి."

"మావయ్యగారూ, అది మచ్చో కాదో ఇంకా..."

"అది తేల్చడానికే. రమ్మనండి, మళ్ళీ తీద్దాం." ఆయన తిరిగి చూడలేదు. "మీ మెషీను చేత చేయించకండి. మీ నోటితో మీరే చెప్పండి."

అల్లుడు ఫోను తీసి మూలకి వెళ్ళాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. మోగుతోంది, ఎత్తడం లేదన్నాడు. మళ్ళీ చెయ్యమన్నాడు బావగారు. మళ్ళీ చేశాడు.

గడియారం పన్నెండున్నర దాటింది. బావగారు బల్లమీద ఉన్న సంజాయిషీ కాగితం అందుకుని చదివాడు. మొత్తం ఒక్కటే వాక్యం, అయినా చాలాసేపు చదివాడు. తరవాత నాలుగు మడతలు పెట్టి, టీ గ్లాసు కింద పెట్టాడు, తడికి. చెయ్యి చాచి మైకు పీక నొక్కాడు. దాని ఎర్రదీపం ఆరిపోయింది.

"తమ్ముడూ, ఆ కుర్చీ..."

తలుపు దగ్గర ఎవరూ లేరు. టైపమ్మ మొగుడు అప్పటికే స్టోర్‌రూము నుంచి వస్తున్నాడు, కుర్చీని పొట్టకి ఆనించుకుని. తెచ్చి, పాత చోట దించి, జేబురుమాలు తీసి దుమ్ము తుడిచాడు. నాలుగు కాళ్ళూ తుడిచాడు. ఆమె ఆయన మొహం చూసింది. ఆ ఒక్కమాట వస్తుందని చూసింది.

"కూర్చో," అన్నాడాయన.

కూర్చుంది.

బావగారు తెరవైపే చూస్తూ చెప్పాడు, ఎప్పటిలా సగం మింగుతూ. "మంగళవారం నాటి ఛాతీ రిపోర్టులో పొరపాటు జరిగింది. బొమ్మ సరిగ్గా చూడకుండా మాట అన్నది నేను. అడిగే మనిషిని పక్కనుంచి లేపేసిందీ నేనే. టైపిస్టుకి ఇందులో ప్రమేయం లేదు. ఈ వారం రిపోర్టులన్నీ మళ్ళీ చూస్తున్నాం."

వేళ్ళు వాటంతటవే నడిచాయి. నాలుగు రోజుల విరామానికి అవేమీ మర్చిపోలేదు.

"కొత్త పేరా," అన్నాడు. ఆగాడు. "తొమ్మిదేళ్ళ కిందట ఒక కాలు ఎక్స్‌రేలో కుడి, ఎడమ తారుమారైంది కూడా నా నోటివల్లే. ఆమె విన్నది విన్నట్టే కొట్టింది. పదిమంది ముందు నేను అన్నది అబద్ధం."

టైపమ్మ వేళ్ళు ఆగిపోయాయి.

ఈ వాక్యం ఆమె నోటుపుస్తకంలో లేదు. దీని పక్కన చుక్క పెట్టాలని ఏ రోజూ అనుకోలేదు. అయినా అడక్కుండా కొట్టడం ఆమెకి చేతకాలేదు.

"బావగారూ. ఇది ఛాతీ డాక్టరుగారికి అవసరమా? నిజంగా రాయమంటారా?"

"అదేమిటండీ!" తోటికోడలు ముందుకి వచ్చింది. "ఇంటి సంగతులు పరాయివాళ్ళకి రాస్తారా?"

"పరాయివాళ్ళ ముందే అన్నాను," అన్నాడు బావగారు. ఆ తరవాత, ఇరవై ఆరేళ్ళుగా కసురుతున్నట్టే కసిరాడు. "అడిగావుగా! రాయి."

రాసింది.

ప్రింటరు రెండు కాపీలు కక్కింది. ఆయన రెండింటిమీదా సంతకం పెట్టాడు. ఒకటి కవరులో పెట్టి తమ్ముడికి ఇచ్చాడు. ఒంటిగంటకి ఇంకా పావుగంట ఉంది. మూలన అల్లుడు మూడోసారి ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. పాల వ్యాను ఎక్కడుందో, అవతల మోగుతూనే ఉంది. తెరమీద పదిహేనోది వచ్చి కూర్చుంది. దాని వెనక ఇంకా ఇరవై ఆరు.

బావగారు రెండో కాపీని పక్కకి చాచాడు, తెరమీంచి కళ్ళు తిప్పకుండానే.

"ఇదుగో. తొమ్మిదేళ్ళది."

టైపమ్మ అందుకుంది. ఒకసారి చదువుకుంది, రెండుగా మడిచింది, పదిహేడో పేజీలో పెట్టి పుస్తకం మూసింది.